జేబులో చాకు, చెవి మీద గుర్తు

పశుసంవర్ధక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కర్ణాటకలోని పావగడలో మా ఇంటికి వస్తుంటారు. పల్లెలకు పోయేటప్పుడు సంచిలో ఏమేం పెట్టుకోవాలో చెప్పమని అడుగుతారు. సంచి సంగతి తర్వాత, ముందు జేబులో ఏముందో చూపించండి అంటాను. ఫోను తీస్తారు, బండి తాళం తీస్తారు, కొందరు దువ్వెన తీస్తారు. చాకు మాత్రం ఎవరూ తీయరు. చాకు లేకుండా గొర్రెల మందలోకి పోవడం చెప్పుల్లేకుండా జాలి ముళ్ల కంపల్లోకి పోవడమే అని చెప్పి చూశాను. నవ్వుతారు. నవ్వనీ, రెండు వానాకాలాలు గడిస్తే వాళ్లకే తెలుస్తుంది.

నేను ఈ తాలూకాలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పెద్ద చదువు చదివిన డాక్టరు ఆసుపత్రిలో ఉంటాడు. ఆయన ఇచ్చిన టీకాలూ మందులూ పట్టుకుని దొడ్డి దొడ్డికీ తిరిగేవాడు ఇన్‌స్పెక్టరు. పల్లెల్లో మాత్రం నన్ను గొర్రెల డాక్టరు అనేవాళ్లు. నేను డాక్టరును కానని మొదట్లో ప్రతి ఇంట్లో చెప్పేవాణ్ని, వినేవాళ్లు లేక మానేశాను. ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. నాకు వచ్చినవే తక్కువ, వచ్చినవాటి వల్ల ఒక్క గొర్రె కూడా అదనంగా బతకలేదు.

చాకు ఎలా కొనుక్కోవాలో చెప్పడానికే ఇది మొదలుపెట్టాను. కానీ చాకు గురించి మాట్లాడితే రాయచెర్లు దిక్కున ఒక పల్లెలో ఉన్న ఇద్దరు అన్నదమ్ముల సంగతి నోటికి రాకుండా ఉండదు. అది గుర్తొచ్చిన రోజు నాకు ఇప్పటికీ అన్నం సయించదు. ఉల్లాసం కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది.

ఎలాంటి చాకు

మడత చాకే కొనండి. ఒరలో పెట్టుకునే కత్తి మనకు పనికిరాదు. మన పనంతా కూర్చోవడం, వంగడం, కంచె దాటడం, బండి నడపడం. ఒర కత్తి ఎప్పుడో ఒకప్పుడు మన తొడలోనే దిగుతుంది. పైగా నడుముకు కత్తి కట్టుకుని గడప ముందు నిలబడినవాడికి ఏ ఇల్లాలూ మంచినీళ్లు ఇవ్వదు. అలుగు, అదే కోసే భాగం, మీ చూపుడు వేలి పొడవుకు మించకూడదు. అంతకంటే పొడుగైనదాంతో నాకు ఏనాడూ పని పడలేదు.

ఖరీదు విషయంలో గొప్పలకు పోవద్దు. హోటల్లో ఇద్దరు భోంచేసినంత ఖర్చులో మంచి చాకు వస్తుంది. ఖరీదైన చాకు కొన్నవాడు దాన్ని బయటికి తీయడు, బీరువాలో పెట్టి చూసుకుంటాడు. మందుల కంపెనీ మనిషి ఒకడు నాకు మెరిసే చాకు ఒకటి బహుమతిగా ఇచ్చాడు. అందులో కత్తెర ఉంది, సీసా మూత తీసేది ఉంది, పళ్లు కుట్టుకునే పుల్ల కూడా ఉంది. అన్నీ ఉన్నాయి గానీ దాంతో తాడు తెగలేదు. మా ఇంట్లో ఇప్పుడు దాన్ని డబ్బాల మూతలు తీయడానికి వాడుతున్నారు.

కొట్లో కొనేటప్పుడు వేళ్లకు కాస్త నూనె రాసుకుని చాకు తెరిచి చూడండి. కొట్టు యజమాని నవ్వితే నవ్వుతాడు. మన చేతులు ఆరిపోయి శుభ్రంగా ఉండే రోజు ఉండదు. నెత్తురో, ఉమ్మనీరో, పేడో ఎప్పుడూ ఉంటుంది. అలుగు మీద గోరు పట్టే గాడి లోతుగా లేకపోతే, అవసరం వచ్చినప్పుడు మీరు చాకుతో కుస్తీ పడుతుంటారు, గొర్రె అవతల ప్రాణం వదులుతుంది.

తెరిచిన అలుగు గట్టిగా నిలబడుతుందో లేదో చూడండి. దాన్ని నిలబెట్టే లాకు ఉంటే ఇంకా మంచిది. నాతోపాటు ఉద్యోగంలో చేరిన మిత్రుడొకడు స్ప్రింగు వదులైన చాకుతో గొర్రె గిట్టలు చెక్కుతున్నాడు. గొర్రె తన్నింది. అలుగు మడతపడి అతని చూపుడు వేలి మీదే మూసుకుంది. గాయం మానింది గానీ వేలు మళ్లీ వంగలేదు. ఆ తర్వాత ఉద్యోగమంతా అతను సిరంజిని బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య పట్టుకునే గడిపాడు. పిల్లలు ఎగతాళి చేస్తే అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు చూడడం నాకు కష్టంగా ఉండేది.

తళతళలాడే ఉక్కును నమ్మకండి. తుప్పు పట్టే మామూలు ఉక్కు నయం. మన ఊళ్లలో గడప రాయి మీద నాలుగుసార్లు తీస్తే దానికి పదును వస్తుంది. వారానికోసారి కొబ్బరి నూనె పూస్తే తుప్పు రాదు. పిడి ఎర్రగానో పసుపుగానో ఉండాలి. నల్ల పిడి చాకులు నావి శెనక్కాయ చేలలో ఎన్ని పోయాయో చెప్పలేను. అన్నం దగ్గరా పండ్ల దగ్గరా జీవాలకు వాడే చాకు తీయవద్దు. ఇది ప్రతివాడికీ తెలుసు, ప్రతివాడూ జామకాయ చేతికి రాగానే మరిచిపోతాడు.

చివరిది, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. కొత్త చాకు ఇంటికి తెచ్చిన రోజే దాని మొనను రాయి మీద అరగదీసి గుండ్రంగా చేయండి. మా ఆవిడ చూసినప్పుడల్లా "కొత్త వస్తువును చేజేతులా పాడు చేసుకుంటారేమండీ" అనేది. మనం పొడిచేవాళ్లం కాదు. మన చాకు ఎప్పుడూ తాడుకూ చర్మానికీ మధ్య దూరాలి. మొన ఉన్న చాకు తాడు కింద దూరేటప్పుడు గొంతులోకి కూడా దూరుతుంది.

తీయకూడని చోటు

నా ఉద్యోగం కొత్తలో బలసముద్రంలో ఒక రైతు పొట్టేలు ఉన్నట్టుండి చచ్చిపోయింది. సాయంత్రం దాకా మేసిందట, తెల్లారేసరికి కాళ్లు బారజాపి పడి ఉంది. నేనూ మా డాక్టరూ పోయేసరికి రైతు చాకు తీసుకుని తోలు ఒలవడానికి కూర్చున్నాడు. పొట్టేలు ముక్కులోంచి నల్లటి నెత్తురు కారి, గడ్డ కట్టకుండా అలాగే నిలిచింది. మా డాక్టరు తుమకూరు వైపు మనిషి, మహా కోపిష్టి. కన్నడలో పెద్ద కేక వేసి రైతు చేయి పట్టుకుని వెనక్కి లాగాడు. అది దొమ్మ రోగం, ఇంగ్లీషులో ఆంత్రాక్స్. అలాంటి శవాన్ని కోస్తే రోగం నేలలోకి దిగి ఏళ్ల తరబడి ఉంటుంది, కోసినవాడి ప్రాణానికీ ముప్పే.

రైతు వినలేదు. "పోయింది ఎట్లాగూ పోయింది, తోలన్నా మిగలనీప్పా. ఇంత పొట్టేల్ని మన్నులో పూడ్చమంటాండావే, నీ సొమ్మేం పోతాది?" అని నా మీద పడ్డాడు. డాక్టరును అనలేక నన్ను అన్నాడు. మేము దగ్గరుండి లోతుగా గుంత తీయించి, సున్నం వేసి పూడ్పించాం. తిరిగి వచ్చేటప్పుడు డాక్టరు దారి పొడుగునా నన్నే తిట్టాడు. రైతు చాకు తీసినప్పుడు నువ్వెందుకు చూస్తూ నిలబడ్డావని. ఆయన నోరు మంచిది కాదు, కిందివాళ్లను మనుషులుగా చూసేవాడు కాదు. అయినా ఆ రోజు ఆయన పట్టుకున్న చేయి ఇంకా బతికే ఉంది. ఆ రైతు మాత్రం నాతో తర్వాత మాట్లాడలేదు. ఎదురుపడితే తువ్వాలు భుజం మార్చుకుని పోయేవాడు. మన ఉద్యోగంలో కాపాడిన వాటికి దండలు పడవు, అది ముందే తెలుసుకోండి.

చెవి కోతలు

సోలారు పార్కు వచ్చాక తిరుమణి, రాయచెర్లు చుట్టుపక్కల నేల ఎలా మారిందో మీకు చెప్పనక్కర్లేదు. భూమి ఉన్నవాళ్లకు కౌలు వచ్చింది, అది అబద్ధం కాదు. బోర్లు ఎండిపోయి అప్పుల్లో ఉన్నవాళ్లు కొందరు ఆ కౌలుతోనే తేరుకున్నారు. కానీ జీవాలకు మేపు పోయింది. ఎక్కడ చూసినా ఇనుప కంచె, దాని వెనక సోలారు పలకలు. మందలు ఒకటొకటిగా సంతకు పోయాయి. నేను చెప్పే పల్లెలో చివరికి రెండే మందలు మిగిలాయి. ఆ రెండూ అన్నదమ్ములవే. అన్న అంజినప్ప, తమ్ముడు ఈరణ్ణ.

వాళ్లిద్దరూ చాలా ఏళ్లు కలిసే ఉన్నారు. అన్న సేద్యం చూసేవాడు, తమ్ముడు గొర్రెల వెంట తిరిగేవాడు. పహణిలో, అంటే భూమి రికార్డులో, అన్న పేరే ఉంది. కంపెనీవాళ్లు వచ్చినప్పుడు అన్న సంతకం పెట్టాడు, కౌలు అన్న ఖాతాలో పడింది. తమ్ముడు భాగం అడిగాడు. మాట మాట పెరిగి పొయ్యిలు వేరయ్యాయి. మందను చెరి సగం పంచుకున్నారు. భూమి మాత్రం అన్న వదల్లేదు.

ఇక్కడ చెవి గుర్తు సంగతి చెప్పాలి. గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఒక కోత ఉంటుంది. ఒకరికి కుడి చెవి కొన తీసేయడం, ఒకరికి ఎడమ చెవికి చీలిక. మంద దారి తప్పినా, ఇంకో మందలో కలిసినా ఆ కోత చూసే ఎవరిదో తేలుస్తారు. వీళ్లింటి కోత ఎడమ చెవి అంచున చిన్న వంకీ, నెలవంక లాంటి గాటు. అన్నదమ్ములు వేరుపడితే పెద్దవాడికి తండ్రి గుర్తే ఉంటుంది. చిన్నవాడు ఆ వంకీ పక్కన ఇంకో వంకీ కలుపుకోవాలి. అయితే ఆ రెండో వంకీ చిన్నవాడు తనకు తానే మొదలుపెట్టకూడదు. వేరుపడ్డాక పుట్టిన మొదటి పిల్లకు అన్నే వచ్చి, తన చాకుతో కోయాలి. అన్న చేయి పడితేనే తమ్ముడి మంద నిలబడుతుందని ఆ ఇళ్లలో నమ్మకం.

ఈరణ్ణ మందలో పిల్లలు పుట్టాయి. అన్నను పిలిపించాడు. అన్న రాలేదు. రెండోసారి పెళ్లాం లక్ష్మక్కను పంపాడు. అప్పుడూ రాలేదు. పిల్లలు పెరుగుతున్నాయి, రెండు మందలూ ఒకే తొట్టి దగ్గర నీళ్లు తాగుతున్నాయి. పెద్ద గొర్రెలను ముఖం చూసి చెప్పగలరు గానీ, పిల్లలన్నీ ఒకటే మాదిరి ఉంటాయి, గుర్తు లేనిదాన్ని ఎవరైనా తమదనొచ్చు. అప్పటికి ఈరణ్ణ సోలారు ప్లాంటులో పలకలు కడిగే కూలికి పోతున్నాడు, మందను లక్ష్మక్క మేపుతోంది. ప్లాంటులో వైర్లను కట్ట కట్టడానికి నల్లటి నైలాన్ పట్టీలు వాడతారు. కేబుల్ టై అంటారు. ఒకసారి బిగిస్తే ముందుకే గానీ వెనక్కి రాదు. మిగిలిపోయి కింద పడినవి ఏరుకొచ్చి ఈరణ్ణ ప్రతి పిల్ల మెడకూ ఒకటి కట్టాడు. కోయకూడదు గానీ కట్టకూడదని ఎవరూ అనలేదు కదా. కట్టినప్పుడు రెండు వేళ్లు దూరేంత వదులుగానే కట్టాడు. పిల్లలు పెరుగుతాయన్న సంగతి గొర్రెల్లో పుట్టి పెరిగిన మనిషికి తెలియదా అని మీరు అడుగుతారు. తెలుసు. రేపో మాపో అన్న వస్తాడు, చెవులు కోస్తాడు, పట్టీలు తీసేద్దామని అనుకున్నాడు. అలా అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి. పైన ఉన్ని పెరిగి పట్టీలను కప్పేసింది.

ఒక రోజు ఈరణ్ణ ఫోను చేశాడు. "సార్, పిల్లలు గురక పెడతాండాయి. మొగాలు వాసినాయి. రెండు నిన్ననే పోయినాయి. ఏం రోగమో తెల్డంలే, బిరీన రా సార్" అన్నాడు. నేను టీకా మందులూ సూదులూ సర్దుకుని పోయాను. దొడ్డిలో మొదటి పిల్లను పట్టుకుని మెడ తడిమితే వేలికి ఏదీ తగల్లేదు, వాసన మాత్రం వచ్చింది. ఉన్ని పాయ తీసి చూస్తే మెడ చుట్టూ పుండు, పుండు నిండా పురుగులు. పట్టీ మాంసంలోకి దిగిపోయింది.

సంచిలో మందులన్నీ ఉన్నాయి గానీ ఆ రోజంతా పనిచేసింది చాకే. ఎలా చేశానో చెప్తాను, మీకు పనికొస్తుంది. పిల్లను పక్కకు పడుకోబెట్టి మెడ వెనక వైపు, ఎముక ఉన్న చోట పట్టీని వెతకాలి. గొంతు వైపు ఎప్పుడూ వెతకవద్దు. గుండ్రటి మొనను పట్టీ కిందికి మెల్లగా తోయాలి. తర్వాత అలుగును తిప్పి పదును బయటికి చూసేలా పెట్టి, రంపం లాగినట్టు లాగాలి. నైలాను మొండిది. రెండు పిల్లలకు ఒకసారి చాకును రాయి మీద తీయాల్సి వచ్చింది. పట్టీ తెగగానే పిల్ల ఒక్కసారి పెద్దగా ఊపిరి లాగేది. ఆ శబ్దం విన్నప్పుడు ఎంత హాయిగా ఉండేదో. కొన్ని ఆ ఊపిరి లాగి వదిలి, మళ్లీ లాగలేదు. అవి నా మోకాళ్ల మధ్యే పోయాయి.

మధ్యలో లక్ష్మక్క చాకును వేడినీళ్లలో కడిగి తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ నా చేతికివ్వకుండా పక్కన నేల మీద పెట్టేది, నేను తీసుకునేవాణ్ని. మా వైపు ఇళ్లలో చాకును చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరి మధ్యా పగ వస్తుందంటారు. అంత హడావిడిలోనూ ఆమె ఆ పద్ధతి తప్పలేదు.

ఈరణ్ణ ఒక్కో పిల్లనూ పట్టి ఇస్తున్నాడు. తెగిన పట్టీలను ఏరి ఒక చోట కుప్ప పోస్తున్నాడు. పని అయ్యాక గాయాలకు మందు రాసి, కట్లు కట్టి నేనే అన్నాను. "వీటికి గుర్తు లేకపోతే మళ్లీ ఏదో ఒకటి కడతావు. నా దగ్గర గవర్మెంటు వాళ్ల పసుపు ట్యాగులున్నాయి, చెవికి వేసేస్తాను. లేదంటే ఆ కోతేదో నేనే కోస్తాను, చెప్పు."

"అది గవర్మెంటు గుర్తు సార్, మాది కాదు" అన్నాడు ఈరణ్ణ. "మాయన్నే కొయ్యల్ల సార్. భాగం ఇయ్యకపోయినా పోనీ. కోత కోసిస్తే చాలు, నా మంద నేను మేపుకుంటా. నువ్వొక మాట చెప్పు సార్, నీ మాటైతే ఇంటాడు" అన్నాడు.

లక్ష్మక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "సంతకం పెట్టేనాడు మమ్మల్ని పిలవను గుడ్క పిలవలే సార్. ఇప్పుడు దీనికి బతిమాలాడల్ల" అంది. ఈరణ్ణ ఆమె వైపు చూడలేదు. నాకు ఆమె మాటే సబబు అనిపించింది. అయినా వెళ్లాను.

అంజినప్ప కొత్త ఇల్లు ఆ పల్లెకు మొదట్లోనే ఉంది. కౌలుతో కట్టుకున్న మిద్దె. "రా సార్, కూకో" అని ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. పిల్లల సంగతి చెప్పాను. చచ్చిపోయినవాటి సంగతి విన్నప్పుడు అతని ముఖం నిజంగానే వాడిపోయింది. గొర్రెలను ఎరిగిన మనిషి, బాధ లేకుండా ఎలా ఉంటుంది. కానీ తమ్ముడి పేరెత్తగానే గొంతు మారింది.

"నాయన పోయినాక ఆ భూమి చేసింది నేను సార్. బోరు ఎండిపోతే తల పట్టుకోని కూకున్నింది నేను. అప్పుడు వాడు వచ్చి నా భాగం కష్టం ఇయ్యన్నా అని అడిగినాడా? కంపెనీవోళ్లు వచ్చినాక భాగం గుర్తొచ్చిందా?"

"భూమి సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. కోత సంగతి మూగజీవాలది. అది వేరు" అన్నాను.

చాలాసేపు బీడీ కాల్చాడు. చివరికి, "వాణ్నే రమ్మను. పిల్లను ఎత్తుకోని వాడే రావల్ల" అన్నాడు.

నేను ఆశపడ్డాను. ఆ ఆశే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. మర్నాడు ఉదయం ఈరణ్ణ మెడకు కట్టుతో ఉన్న పిల్లనొకదాన్ని చంకనెత్తుకుని అన్న వాకిట్లోకి వచ్చాడు. కొత్త ఇల్లు కట్టాక అతను ఆ వాకిలి తొక్కడం అదే మొదలు. లక్ష్మక్క వీధిలోనే నిలబడిపోయింది. అంజినప్ప లోపలికి పోయి చాకు తెచ్చాడు. కొమ్ము పిడి ఉన్న పాత చాకు, సాన పట్టీ పట్టీ అలుగు సన్నబడింది. చాకు తెరిచాడు. ఈరణ్ణ పిల్లను మోకాలి మీద పెట్టుకుని ఎడమ చెవిని రెండు వేళ్లతో చాచి పట్టుకున్నాడు.

అంజినప్ప కన్ను పిల్ల మెడ మీద పడింది. "గుర్తుకు తాడు కట్టేది మనింట్లో ఎప్పుడన్నా ఉండాదేమిరా?" అన్నాడు.

"నువ్వు కోసింటే నేనెందుకు కడుతానన్నా" అన్నాడు ఈరణ్ణ. గొంతు పెంచి అనలేదు. తల వంచుకునే అన్నాడు. కానీ వీధిలో నలుగురు చూస్తున్నారు, లక్ష్మక్క వింటోంది. అంజినప్ప చాకును పిడి ముందుకు వచ్చేలా తిప్పి తమ్ముడి ముందుకు చాచాడు.

"పట్టు. నువ్వే కోసుకో."

ఈరణ్ణ తలెత్తి ఆ చాకు వైపు చూశాడు. "కింద పెట్టున్నా. తీసుకుంటా" అన్నాడు.

"ఎందుకురా? చేతికిస్తే పగొస్తాదనా? ఇంగేం పగొస్తాది? రావల్సిందంతా వచ్చేసింది గదా. పట్టు."

చాకు గాలిలో అలాగే ఉంది. నేను లేచి నిలబడ్డాను, "కింద పెట్టప్పా అంజినప్పా" అన్నాను. అతను నా వైపు చూడలేదు. కింద పెట్టి ఉంటే ఈరణ్ణ తీసుకునేవాడు. అన్న చేయి పడకపోయినా, అన్న చాకు పడిందని సరిపెట్టుకుని కోసుకునేవాడు. అంతకు దిగిరావడానికి కూడా సిద్ధపడే వచ్చాడు. అన్న ఒక్కసారి నడుము వంచితే పోయేది. కాసేపటికి ఈరణ్ణ పిల్ల చెవి వదిలేశాడు. దాన్ని మళ్లీ చంకకెత్తుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. లక్ష్మక్క లోపలికి వచ్చి ఆ చెప్పులు తీసుకుని మొగుడి వెనకాలే పోయింది.

వారం తిరగకుండా ఈరణ్ణ మందంతా అమ్మేశాడు. వ్యాపారి వ్యానులోకి ఎక్కిస్తుంటే నేను పోలేదు, పోవాలనిపించలేదు. ఆ తర్వాత తిరుమణి దారిలో ప్లాంటు గేటు దగ్గర అతను ఒకసారి కనిపించాడు. గార్డు జేబులు తడిమి లోపలికి వదులుతున్నాడు. ఎలా ఉన్నావని అడిగాను. "బాగుండాను సార్. ఇప్పుడు ఆదివారం సెలవు గుడ్క ఉండాది" అన్నాడు. గొర్రెలు మేపేవాడికి జన్మలో సెలవు ఉండదు. ఆ సెలవు రోజు ఏం చేస్తావని అడగబోయి, అతని ముఖం చూసి అడగలేదు.

ఇందులో తప్పెవరిదని మా ఆవిడ అడిగింది. కౌలంతా తన ఖాతాలో వేసుకున్నది అన్న తప్పు. అడగవలసిన చోట అడగకుండా పిల్లల మెడలకు పట్టీలు కట్టి ఎదురుచూసింది తమ్ముడి తప్పు. కంపెనీకీ మన శాఖకూ ఇందులో ఏ తప్పూ లేనట్టు ఉంటుంది, ఎక్కడ చూసినా సంతకాలు సరిగ్గానే ఉంటాయి. మీకు ఇలాంటివి ఎదురవుతాయి. పట్టీ వరకు మీరు కోయగలరు. అంతకంటే లోపల ఉన్నది మీ చేతికి అందదు. అందుతుందని ఆశపడితే నాలాగే భోజనం ముందు కూర్చుని లేస్తుంటారు.

రిటైరయ్యే ముందు చివరి టీకాలకు ఆ పల్లెకు పోయాను. ఉన్నది అంజినప్ప మంద ఒక్కటే. అతను బాగా చిక్కిపోయాడు. పిల్లలను ఒక్కొక్కటే మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటున్నాడు, నేను సూది వేస్తున్నాను. అలవాటు కొద్దీ ఒక పిల్ల ఎడమ చెవి పట్టుకున్నాను. వేలికి వంకీ తగల్లేదు, అంచు నున్నగా ఉంది. దాని వెనక వచ్చిన పిల్ల చెవి చూశాను, అదీ అంతే. చెవి కోసే ఈడు దాటిపోయిన పిల్లలు, ఒక్కదానికీ కోత లేదు.

"ఏమి అంజినప్పా, ఈ ఏడు చెవులు కోయలేదే?" అన్నాను.

అతను తలెత్తలేదు. "ఎవురి గొర్లల్లో కలిసిపోతాయని కొయ్యల్ల సార్?" అన్నాడు.

ఇంకో పిల్లను పట్టి నా ముందుకు తోశాడు. నేను సూది వేశాను.